తుడిచేసిన తోక

గ్రంథాలయం హాల్లో గోడకి ఆనించి ఉన్న నిలువెత్తు బొమ్మను చూడగానే చుక్కలమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. బొమ్మ తనదే. కింద అట్టముక్క మీద రాసిన పేరూ తనదే. గెలాక్సీకి మాత్రం తోక లేదు.

కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని మళ్ళీ చూసింది. లేదు. తోక ఉండాల్సిన చోట ఆకాశం తారు పూసినట్టు నున్నగా ఉంది. అది చాలదన్నట్టు పెద్ద నక్షత్రాలన్నిటికీ నాలుగు వైపులా మెరుపు గీతలు మొలిచాయి. గెలాక్సీ నడిమధ్యలో, ఆకాశంలో ఎన్నడూ లేని గులాబిరంగు ఒకటి వచ్చి కూర్చుంది.

"ఎవరండీ ఈ ఘనకార్యం చేసింది?" అని హాలు దద్దరిల్లేలా అరిచింది. అవతల మేకులు కొడుతున్న వడ్రంగి సుత్తి ఆపి, అడిగింది తనని కాదని తెలుసుకుని మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు.

ఎవరు చేశారో తెలియక అడిగింది కాదు. ఊళ్ళో అంత పెద్ద కాగితం మీద బొమ్మ వేసే యంత్రం ఒక్క స్టూడియోలోనే ఉంది. ఆ స్టూడియో ఆవిడ అక్క మొగుడిది. ఆయన చేతిలో పడ్డ మొహానికి మొటిమ మిగలదు, ముడత మిగలదు. ఆయన తీసిన గుర్తింపు కార్డు ఫొటో చూపిస్తే, కార్ఖానా గేటు దగ్గర కాపలావాడు "ఇది నువ్వు కాదు పో" అని ఒక మనిషిని వెనక్కి పంపేశాడని ఊళ్ళో చెప్పుకుని నవ్వుకుంటారు. ఆయనా నవ్వుతాడు, అది పొగడ్త అనుకుని. పోయిన అమ్మ ఫొటోకి కూడా ఆయనే మెరుగులు పెట్టాడు. అది అక్క ఇంట్లో గోడకి ఉంది. దాని మాట చుక్కలమ్మ ఎత్తదు. ఎత్తితే అక్కకి కోపం.

చుక్కలమ్మ అన్నది వీధి పెట్టిన పేరు. మొగుడితో కలిసి కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతుంది. పగలంతా జనం చూపు సరిచేస్తుంది, వీలు చిక్కినప్పుడల్లా టెలిస్కోపుకి కెమెరా తగిలించి గెలాక్సీలను ఫొటో తీస్తుంది. ఈ బొమ్మ కోసం మబ్బులతో, మంచుతో, దోమలతో పడరాని పాట్లు పడింది. ఇప్పుడు ఊరి ఆకాశ సంఘం వాళ్ళు ప్రదర్శన పెడుతున్నారు, ఆదివారం తెర తీస్తారు. గుమ్మంలోకి రాగానే కనపడే గోడ ఆవిడ బొమ్మకిచ్చారు. పొంగిపోయి, నమ్మి, బొమ్మను పట్టుకెళ్ళి బావగారి చేతిలో పెట్టింది. పిల్లికి పాలగిన్నె అప్పజెప్పడమంటే అదే.

అంతలో ఆ బావగారే చేతులు దులుపుకుంటూ వచ్చాడు. వెనకాలే మేకుల డబ్బా పట్టుకుని చుక్కలమ్మ మొగుడు.

"ఏమ్మా మరదలా, ఎలా ఉంది? కళ్ళు జిగేల్‌మన్నాయా?"

"తోకేది?"

"ఏ తోక?"

"నా గెలాక్సీ తోక, బావగారూ! పక్కనుంచి వంపు తిరిగి సన్నగా పైకి పోతుందే, అది! ఏం చేశారు దాన్ని?"

"ఓ, ఆ మరకా?" బావగారి మొహం వికసించింది. "తుడిచేశాను. తుడిచినట్టు తెలియకుండా తుడవాలంటే ఎంత ఓపిక కావాలో తెలుసా? మధ్యాహ్నమంతా దాని మీదే కూర్చున్నా." మెచ్చుకోలు కోసం చూశాడు.

"మరకా!" చుక్కలమ్మ తోక తొక్కిన తాచులా లేచింది. "అదొక చిన్న గెలాక్సీ. పక్కనున్న పెద్దది దాన్ని లాగి, చీల్చి, మింగేసింది. మింగగా మిగిలిన నక్షత్రాల బారు అది. కోట్ల నక్షత్రాలు! బల్ల మీద ఒలికిన టీ తుడిచినట్టు తుడిచేసి, పైగా ఓపిక అంటారేంటి!"

"అరే, ఎందుకంత కోపం? వచ్చేవాళ్ళు అందమైన బొమ్మ చూడటానికి వస్తారు. ఆ మసక గీత చూస్తే 'అయ్యో, ప్రింటు పాడైంది' అంటారు. పోయేది నా స్టూడియో పేరు. అయినా నువ్వు మాత్రం దుమ్ము తుడవట్లేదా? ఆ తెల్లచొక్కా తంతు అంతా దేనికి మరి? నువ్వు తుడిస్తే శాస్త్రమూ, నేను తుడిస్తే పాపమూనా?"

ఆ తెల్లచొక్కా తంతు ఏమిటో ఇక్కడ చెప్పాలి. గెలాక్సీ బొమ్మ ఒక్క మీట నొక్కితే వచ్చేది కాదు. అంత దూరం నుంచి చేరే వెలుగు చిటికెడు. ఒకే చోటుకి గురిపెట్టి, వందల ఫొటోలు తీసి, కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చాలి. పేర్చేకొద్దీ గరుకు తగ్గి దాక్కున్న వెలుగు పైకి తేలుతుంది. కానీ కెమెరా ముందుండే గాజుబిళ్ళ మీద దుమ్ము పడుతుంది, బొమ్మలో చేతిగాజుల్లా గుండ్రటి నీడలు వేస్తుంది. దానికి విరుగుడు తెల్లచొక్కా. ఫొటోలు తీయడం అయ్యాక, ఏదీ కదపకుండా, ఏదీ ముట్టకుండా, టెలిస్కోపు మూతికి తెల్లచొక్కా బిగించి కట్టి, తెల్లవారే వెలుతురులో దాన్నీ ఫొటో తీయాలి. అందులో ఆకాశం ఉండదు, గాజు మీది దుమ్ము నీడలే ఉంటాయి. ఏ నీడ ఎంత మసకేసిందో దాన్నిబట్టి తెలుసుకుని, అసలు బొమ్మలో సరిగ్గా అంతే సరిచేయాలి. దుమ్ముని కూడా ఫొటో తీసి మరీ సాగనంపుతుంది చుక్కలమ్మ.

"నేను దుమ్ము ఎక్కడుందో చూసి తీస్తాను. మీకు నచ్చనిది మీరు తీస్తారు. రెండూ ఒకటేనా?"

అప్పుడు చుక్కలమ్మ మొగుడు, పెళ్ళానికి సాయంగా ఒక మాట వేద్దామని, నోరు తెరిచాడు. పాపం ఆయన ఎప్పుడూ మంచికే పోతాడు.

"నిజమే అన్నయ్యగారూ, ఆ మరక దుమ్ము అయ్యే వీలే లేదు. చొక్కా కట్టేముందు ఆ గాజుబిళ్ళని నేనే శుభ్రంగా తుడిచాగా."

చుక్కలమ్మ నెమ్మదిగా అటు తిరిగింది. "ఏం తుడిచారు?"

"అదేనే, పక్కనుంచి సొరుగులా లాగితే వస్తుందే, ఆ గాజుబిళ్ళ. నువ్వు సంచిలో చొక్కా వెతుక్కుంటున్నావు కదా, ఖాళీగా ఎందుకని లాగి చూశాను. దుమ్ము కొట్టుకుపోయి ఉంది. మన దుకాణం గుడ్డతో ఒక్క తుడుపు తుడిచి లోపలికి నెట్టేశా."

ఆయన్ని అనీ లాభం లేదు. ముప్ఫై ఏళ్ళుగా గాజు తుడిచిన చెయ్యి అది. ఎదుటిమనిషి కళ్ళజోడు మీద వేలిముద్ర కనపడితే చాలు, మాట మధ్యలో జోడు ఊడబీకి, తుడిచి, మళ్ళీ ముక్కు మీద పెట్టి "ఆఁ, చెప్పండి" అనే రకం. మెత్తటి గుడ్డ లేకుండా ఆయన జేబు ఎవరూ చూడలేదు. ప్రపంచంలో గాజు మీద దుమ్ము ఉండనివ్వాల్సిన ఘడియ ఒకటి ఉంటుందంటే ఆయనకి నమ్మకం కలగదు.

చుక్కలమ్మ లెక్క వేసుకుంది. గెలాక్సీ ఫొటోల్లో ఉన్న దుమ్ము వేరు, చొక్కా ఫొటోలో ఉన్నది వేరు. అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. ఆ ఒక్క తుడుపుకి గాజు మీద వంకరగా ఒక చార పడి ఉంటే, చొక్కా ఫొటోలో అది నల్లగా వస్తుంది. నల్లగా ఉన్నచోట వెలుగు తగ్గిందనుకుని కంప్యూటర్ అసలు బొమ్మలో అక్కడ వెలుగు పెంచుతుంది. వంకరగా, సన్నగా, మసకగా ఒక వెలుగు గీత పుడుతుంది. అచ్చం తోకలా.

బావగారు మొద్దేం కాదు, ఫొటోల్లో పండిపోయిన మనిషి. చిటికెలో పట్టేశాడు.

"ఓహో! అంటే నీ కోట్ల నక్షత్రాలు మా తమ్ముడి గుడ్డ చారన్నమాట!" పొట్ట పట్టుకుని నవ్వాడు. "చూశావా, నా కన్ను ఊరికే మరక అనదు."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. అయినా చుక్కలమ్మ తగ్గలేదు. "ఆదివారం తెర తీసేలోపు అది గుడ్డ చారో, నక్షత్రాలో తేల్చుకొస్తాను. చార అయితే నా బొమ్మా, నా పేరూ రెండూ దింపేయండి, మళ్ళీ ఈ హాలు గడప తొక్కను. నక్షత్రాలే అయితే, నేనిచ్చిన బొమ్మ నేనిచ్చినట్టు ఈ గోడకి ఉండాలి. ఒక్క చుక్క ఎక్కువ కాదు, ఒక్క చుక్క తక్కువ కాదు."

"అలాగే కానీ. తమ్ముడూ, పాపం నీకు ఇవాళ అన్నం దొరుకుతుందో లేదో, మా ఇంటికి రా," అన్నాడు బావగారు.

దుకాణం వెనక గదిలో, కంప్యూటర్ ముందు కూర్చుని, చొక్కా ఫొటో పక్కన పెట్టి ఉత్త గెలాక్సీ ఫొటోలే మళ్ళీ పేర్చింది. మూలలు చీకట్లు కమ్మాయి, గుండ్రటి నీడలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ గందరగోళంలో తోక ఉందంటే ఉన్నట్టుంది, లేదంటే లేనట్టుంది. గుమ్మంలో మొగుడు టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

"చేసింది తప్పేనే."

"తప్పా? ఎవరు తుడవమన్నారండీ మిమ్మల్ని! ఇల్లు తుడవమంటే మూలలు వదిలేసే మనిషి, తుడవకూడని ఒక్క చోట వెతికి మరీ తుడిచారే!"

ఆయన టీ గ్లాసు అక్కడ పెట్టి వెళ్ళాడు. అది చల్లారేలోపు ఆవిడకి దారి తోచింది.

కెమెరాని టెలిస్కోపు వెనకాల పావు వంతు తిప్పి బిగించి, మళ్ళీ తీయాలి. గాజుబిళ్ళ కెమెరాతోపాటే తిరుగుతుంది. తోక గాజు మీది చార అయితే, కెమెరాతోపాటు అదీ తిరిగి గెలాక్సీకి ఇంకో పక్కకి పోతుంది. ఆకాశంలోదే అయితే, కెమెరా ఎటు తిరిగినా గెలాక్సీని పట్టుకుని అక్కడే ఉంటుంది. ఇంతకన్నా తేటైన పరీక్ష లేదు.

ఊరి దీపాలకు దూరంగా మూతపడ్డ రాళ్ళ క్వారీ ఒకటుంది, ఎప్పుడూ అక్కడికే వెళ్తారు. ఈసారి మొగుడే బరువులన్నీ మోశాడు. మోయడం అయ్యాక "మీ చేతులు రెండూ జేబుల్లో పెట్టుకోండి, తెల్లారేదాకా తీయొద్దు," అంది చుక్కలమ్మ. పాపం అలాగే నిలబడ్డాడు. ముక్కు దురద పెడితే "గోకోవచ్చా?" అని అడిగాడు. ఆవిడకి నవ్వొచ్చింది, అయినా నవ్వలేదు. కోపం ఇంకా దిగలేదు. మబ్బు ఒక్కటీ రాలేదు, అదొక్కటే అదృష్టం. తెల్లవారుతుండగా ఎవరూ దేన్నీ ముట్టకుండా చొక్కా కట్టింది, ఫొటో తీసింది.

శనివారం దుకాణం తెరవలేదు. కంప్యూటర్ ఒక్కో ఫొటోని పేరుస్తుంటే ఆవిడ గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. మొదట గెలాక్సీ తేలింది, తర్వాత చుట్టూ మసక. ఆ మసకని కొంచెం కొంచెం పైకి లాగింది. పాత బొమ్మను పావు వంతు తిప్పి, కొత్తదాని పక్కన పెట్టింది.

తోక ఉంది. గెలాక్సీకి అదే పక్కన, అదే వంపుతో, అదే చోట సన్నబడుతూ ఉంది.

"ఏమండీ!" అని ఒక్క కేక పెట్టింది. ఆయన పరిగెత్తుకొచ్చి, చూసి, అలవాటు కొద్దీ జేబులోంచి గుడ్డ తీసి కంప్యూటర్ తెర తుడవబోయి, మధ్యలో ఆగిపోయాడు. ఈసారి ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

కొత్త బొమ్మ తీసుకుని, ఉన్నపళంగా స్టూడియోకి నడిచింది. బావగారు బల్ల దగ్గరే ఉన్నాడు. ఆవిడ అక్కడి కంప్యూటర్లో రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించింది. ఆయన ముందుకు వంగి చూశాడు, వెనక్కి జరిగి చూశాడు.

"నిజమేనమ్మా," అన్నాడు చివరికి. "ఒప్పుకున్నా. నీ తోక నీదే. నువ్వు పట్టిన పట్టు విడవవని నాకు ముందే తెలుసు, అందుకే నేనూ ఊరుకోలేదు. ఇదిగో చూడు."

వెనక గోడకి చుట్టిపెట్టిన కాగితం విప్పాడు. అదే నిలువెత్తు బొమ్మ, కొత్తగా వేసింది. గులాబిరంగు అలాగే ఉంది. పక్కనుంచి ఒక తోక కూడా బయల్దేరింది. నీలంగా, లావుగా, మిలమిలా మెరుస్తూ, కాగితం చివరిదాకా పోయి అక్కడ ఒక మెలిక కూడా తిరిగింది.

"నేనే వేశా, కుంచెతో. నీదానికన్నా ఇదే బాగుంది, ఏమంటావు?"

చుక్కలమ్మ నోటికి ఏళ్ళ తరబడి అడ్డుపడ్డ 'గారు' ఆ క్షణాన రాలిపోయింది.

"బావా, నీకు అసలు అర్థమవుతోందా? ఉన్నదాన్ని తుడిచేశావు. ఇప్పుడు లేనిదాన్ని గీశావు. అడిగితే బాగుందంటావు! ఆ గెలాక్సీ ఏమైనా నీ స్టూడియోకొచ్చి, నన్ను కాస్త అందంగా తీయండి అని అడిగిందా?"

"మచ్చతో ఫొటో కావాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదమ్మా నన్ను!" ఆయనకీ రోషం వచ్చింది. "అందరూ తీసేయమనే అడుగుతారు. నా బతుకంతా చేసింది అదే. అది మోసమా?"

"మా అమ్మ అడిగిందా?"

ఆ మాట ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. స్టూడియో పైనే వాళ్ళ ఇల్లు. అరుపులు విని మెట్లు దిగి వస్తున్న అక్క సగంలో ఆగిపోయింది.

"చిట్టీ, ఇప్పుడా మాటెందుకే," అంది అక్క.

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడే? అమ్మ కనుబొమ చివర కోసుకుపోయిన మచ్చ ఉండేది. చిన్నప్పుడు బావి గట్టు మీద పడ్డదట. కోపం వచ్చినా, ఆలోచించినా వేలితో దాన్నే రుద్దుకునేది. అమ్మని దగ్గరగా తీసిన ఫొటో మనకి ఒక్కటే. ఆ ఒక్కదాంట్లో అది లేదు. ఎవరో నున్నటి మొహం ఆవిడ గోడ మీంచి నన్ను చూస్తుంటే, పలకరించబుద్ధి కాదు నాకు! అసలు ఫిల్ము ఏదంటే, స్టూడియో బాగుచేయించినప్పుడు పాత సామానంతా పారేశామన్నాడు బావ. నువ్వు బాధపడతావని నోరు మూసుకున్నాను."

అక్క గోడ పట్టుకుని నిలబడింది. బావగారు కుర్చీలో చతికిలబడ్డాడు.

"పోయినావిడ నిండుగా, అందంగా ఉండాలనే..." అన్నాడు.

"అమ్మ అందంగానే ఉండేది."

ఆ మాట అన్నది చుక్కలమ్మ కాదు, అక్క. అని, గిర్రున వెనక్కి తిరిగి మెట్లెక్కింది. పైన మేకు దగ్గర ఫ్రేము గీరుకున్న చప్పుడైంది. ఫొటోని రెండు చేతులా పట్టుకుని దిగి వచ్చి, బల్ల మీద దీపం కింద పెట్టింది.

"ముందు దాని బొమ్మ అది ఇచ్చినట్టే అచ్చు వేయండి," అంది మొగుడితో. "చెయ్యి పెట్టకుండా."

ఆయన యంత్రంలో కాగితం పెట్టాడు. చుక్కలమ్మ పక్కనే నిలబడి చూసింది. నల్లటి ఆకాశం కొంచెం కొంచెం బయటికి వచ్చింది, గరుకుగా, గులాబిరంగు లేకుండా. తర్వాత గెలాక్సీ వచ్చింది. దాని పక్కన, చూసీ చూడనట్టుండే ఆ మసక తోక వచ్చింది. చుక్కలమ్మ గెలిచింది. రేపు ఆ గోడ మీద ఇదే ఉంటుంది.

"ఇప్పుడు ఇది," అంది అక్క, అమ్మ ఫొటో మీద చెయ్యి వేసి. "ఆ మచ్చ మళ్ళీ పెట్టండి. మీరేగా తీసింది."

బావగారు ఫొటోని దగ్గరికి లాక్కున్నాడు. కుంచె తీసుకున్నాడు.

"ఎక్కడ?" అన్నాడు.

"ఇక్కడ," అంటూ అక్క గాజు మీద వేలు పెట్టింది.

సరిగ్గా అదే క్షణంలో చుక్కలమ్మ కూడా వేలు పెట్టింది. అక్క వేలు ఒక కనుబొమ మీద ఉంది, ఆవిడ వేలు రెండో కనుబొమ మీద ఉంది.

"అటు కాదే, ఇటు," అంది అక్క. "అన్నం పెడుతూ ఈ పక్కనే కదా రుద్దుకునేది."

"కాదక్కా. నాకు జడ వేసేటప్పుడు అద్దంలో చూసేదాన్ని. ఇటే."

"అద్దంలో చూస్తే అటుదిటు కనపడుతుందేమో."

చుక్కలమ్మ వేలు తీసి మళ్ళీ పెట్టింది. కళ్ళు మూసుకుని అమ్మని తలుచుకుంది. అమ్మ వేలు కనపడింది, రుద్దుకోవడం కనపడింది. ఏ పక్కో మాత్రం కనపడలేదు. ఒకసారి అటనిపించింది, ఒకసారి ఇటనిపించింది.

"ఆకాశం ఎక్కడికీ పోలేదు కాబట్టి కెమెరా తిప్పి మళ్ళీ తీసుకొచ్చాను బావా," అంది. "అమ్మని ఎక్కడికెళ్ళి తీసుకురమ్మంటావు?"

"మీ ఇద్దరిలో ఎవరు చెప్పింది నిజమో తేల్చండమ్మా," అన్నాడు బావగారు బతిమాలుతున్నట్టు. "ఎక్కడంటే అక్కడ పెడతాను."

"నువ్వే చెప్పాలి," అంది చుక్కలమ్మ. "ఒక మధ్యాహ్నమంతా దాన్నే చూస్తూ కూర్చుని చెరిపి ఉంటావు. మాకన్నా దగ్గరగా చూసింది నువ్వే. ఏ పక్కనుంది?"

ఆయన ఫొటో వంక చూశాడు, అక్క వంక చూశాడు, చేతిలో కుంచె వంక చూశాడు. ఆయనకి గుర్తు లేదు.